లోనావాలా మైనం బొమ్మలు: ఎదురుంగ హీరో, పక్కకెల్లి మా మేనమామ

నమస్తే అందరికి, బల్లార్షాకెల్లి మీ తమ్ముడు. ముందే చెప్తున్న, ఈ ట్రిప్పుల నా సీటు, అమ్మ సీటు రెండూ ఫ్రీ. మన ట్రావెల్స్ అన్న తీసుకపోయిండు, వీడియో పెట్టు తమ్మీ అన్నడు, పెడుతున్న. మంచిగ చెప్పుమని మాత్రం అనలే, అది ఆయన తప్పు.

పుణె కాడి లోనావాలాల మైనం బొమ్మల మ్యూజియాలు చాన ఉన్నయి, అండ్ల ఒక ఫ్యామిలీ నడిపేది ఇది, పేరు చెప్ప. టికెట్, టైమింగ్, పార్కింగ్ అవన్ని గూగుల్ల చూసుకోండ్రి. నేను మాట్లాడేది ఒక్క ముచ్చటనే, పక్కకెల్లి చూసుడు.

ఏమైందంటే లోపలికి పోంగనే ఒక హీరో నిలవడ్డడు, ఎవరనేది చెప్ప, ఫ్యాన్స్‌తోని నాకెందుకు లొల్లి. ఎదురుంగ చూస్తె రూపాయిల పన్నెండానలు ఆయనే. గట్ల రెండడుగులు పక్కకు జరిగిన, అయిపాయె, సిరొంచల కిరాణం దుకాణం నడిపే మా మేనమామ! అదే ముక్కు, అదే దవడ. అమ్మ అయితే గట్టిగనే అన్నది, "వీనికి సూటెవడు కుట్టిచ్చిండ్రా" అని. ఎనక నిలవడ్డ మరాఠీ ఫ్యామిలీకి ఏం సమజ్ కాలేదు కని నవ్విండ్రు.

కౌంటర్ కాడ పెద్దాయనను అడిగిన. ఫోటోలు చూసే చేస్తం బేటా అన్నడు. గదీ అసలు సంగతి! మేడమ్ టుస్సాడ్స్ అని లండన్ల పెద్ద మైనం మ్యూజియం ఉన్నది గదా, వాళ్లయితే మనిషిని ఎదురుంగ కూసోవెట్టి రెండొందలకు పైన కొలతలు తీస్తరు. 2019ల మహేశ్ బాబు బొమ్మ సింగపూర్ పోకముందు హైదరాబాద్ తెచ్చిండ్రు గదా, పక్కపక్కన నిలవడితె ఎవరు మైనమో రెండుసార్లు చూడాలె. చిన్న ఫ్యామిలీ కాడికి ఏ హీరో అచ్చి కూసుంటడు? ఫోటోల ముక్కు ఎంత ముందుకున్నదో ఎట్ల తెలుస్తది? 2023ల మైసూర్ల ప్రభాస్ బొమ్మ ఒకటి పెడితె పోలిక లేదని ఫ్యాన్స్ నారాజైండ్రు, పర్మిషన్ తీసుకోలేదని బాహుబలి ప్రొడ్యూసరే ఊకోలేదు, యాదికున్నదా.

తర్వాత మేం ఆట మొదలువెట్టినం. నేను బోర్డుకు చెయ్యి అడ్డం పెడుత, అమ్మ పేరు చెప్పాలె. గాంధీ, కరెక్ట్. కలాం సార్, కరెక్ట్. తర్వాత వరుసగ ఏడుగురు తప్పు. అద్దాలు, బట్టతల, జుట్టు ఇసొంటి గుర్తున్నోళ్లు గెలుస్తరు, నున్నటి మొఖపోళ్లు ఓడిపోతరు. పాపం హీరోలు.

కని ఒక మూలకు ఆ ఇంటి కోడలు కూసొని బొమ్మ తలకు వెంట్రుకలు గుచ్చుతున్నది, ఒక్కొక్కటి, సూదితోని. నలభై నిమిషాలు అక్కడ్నే నిలవడ్డ నేను, జనం మాత్రం సెల్ఫీ కొట్టుకుంట ఆమె ముందలికెల్లే పోతున్నరు, ఒక్కరు ఆగరు. తడోబా సఫారీల గూడ నేను గింత సేపు కదలకుంట లేను, ఆ వీడియో చూసినోళ్లకు ఎరుకే, పులి అచ్చేసరికి నాకు నిద్ర వట్టింది. అసలు ఆ లండన్ మ్యూజియం పెట్టిన మేడమ్ టుస్సాడ్ గూడ గిట్ల ఇంటోళ్లతోనే నడిపింది, 1802ల ఇంగ్లండ్ అచ్చి 1835 దాంక జాతరల లెక్క ఊరూరు బొమ్మలు తిప్పింది, ఎనకసిరి కొడుకులు చెయ్యివేసిండ్రు. లండన్ల పక్కా జాగ దొరికింది 1835లనే.

చంద్రపూర్కు తెస్తె బాగుండు అని కామెంట్ పెట్టిండ్రు ఎవరో. తేనెమైనం కరగాలంటె 60 డిగ్రీలు దాటాలె, మన మే నెల 46, 47కు కరగదు కని మెత్తవడ్తది, కరెంట్ పోయి ఏసీ బందయిందంటె మేనమామ గూడ మిగలడు.

నన్నడిగితె హీరోల కోసం పోకుండ్రి, కోడలు పని మీద కూసున్న దినం పోండ్రి, అది ముందే ఫోన్ చేసి అడగండ్రి. లేకుంటె ఆ పైసలకు చిక్కీ కొనుక్కోండ్రి, పల్లీలది.

ఆగుండ్రి, ఫోన్ మోగుతున్నది. ట్రావెల్స్ అన్న. ఎత్త.