బావిలో పడ్డ ముసలాయన

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ పాఠకులందరికీ నమస్కారం.

ప్రాచీన గ్రీకు హాస్య నాటకాల మీద మాట్లాడమన్నారు. అరిస్టొఫనీస్ అనే నాటక రచయితతో మొదలుపెడదామని కాగితాలు రాసుకొచ్చాను. ఆయనవి 11 నాటకాలు మనకు మిగిలాయి. క్రీ.పూ. 422 నాటి 'కందిరీగలు'లో ఒక ముసలాయనకు కోర్టుకెళ్లి తీర్పులు చెప్పడమే వ్యసనం. కొడుకు ఆయన్ని ఇంట్లో పెట్టి చుట్టూ వల కట్టేస్తాడు. చివరికి తండ్రి ఆరాటం తీర్చడానికి ఇంట్లోనే కోర్టు పెడతాడు. ముద్దాయి, జున్ను దొంగిలించిన కుక్క! నవ్వుతాం. కానీ ఆ పెద్దాయన్ని చూడండి. కోర్టులో గొప్పగొప్పవాళ్లు తనను బతిమాలుకుంటుంటే చూడాలని ఆయనకు ఆశ. తీర్పు చెప్పినందుకు ఇచ్చే మూడు ఒబోల్ నాణేల కూలి ఒక్కటే కాదు ఆయన్ని అక్కడికి లాగేది.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, ముసలాయన మాట వచ్చాక మనసు మరో ముసలాయన దగ్గరికి పోయింది. కాగితాలు పక్కన పెడుతున్నాను, మన్నించండి.

క్రీ.పూ. 316లో మెనాండర్ అనే మరో గ్రీకు రచయిత రాసిన 'డిస్కొలొస్' నాటకానికి మొదటి బహుమతి వచ్చింది. చిరచిరలాడే మనిషి అని ఆ పేరుకు అర్థం. వందల ఏళ్లు దొరకని ఆ నాటకం, ఈజిప్టు పపైరస్ పుణ్యాన 1958లో అచ్చయింది. అందులో క్నెమోన్ అనే రైతు ఎవరు పలకరించినా మట్టిబెడ్డలు విసురుతాడు. అవి అయిపోతే పియర్ కాయలు! పక్కనే గుడిలో విందు చేసుకునేవాళ్లు వంటగిన్నె బదులడిగితే తరిమేస్తాడు. అలాంటివాడు బావిలో పడతాడు. పైకి లాగింది ఎవరు? తానెన్నడూ దగ్గరికి రానివ్వని సవతి కొడుకు గోర్గియాస్.

అప్పుడంటాడు క్నెమోన్: మనుషులు లాభం లెక్కలు వేసుకోవడం చూసీ చూసీ, ఎవరూ ఎవరి మేలూ కోరరనుకున్నానని. నాకు ఇక్కడే గొంతు పట్టేస్తుంది. ఆయన కోపం వెనకాల ఎంత చూపు ఉందో గమనించండి.

మా నాన్నగారి సంగతి చెప్పాలి. అమ్మ పోయాక ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు. మా ఇంటికి రమ్మంటే "నా గంజి నేను కాచుకుంటాను" అంటారు. గట్టు తగాదాతో పక్కింటివాళ్లతో పదేళ్లు మాటల్లేవు. ఒక తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడ్డారు. తలుపులన్నీ గడియలు. మూలుగు విని ఆ పక్కింటి కుర్రాడే పెంకులు తీసి లోపలికి దిగాడు. నేను ఆస్పత్రికి చేరేసరికి నాన్న అడిగిన మొదటి మాట, "ఆ పిల్లాడు కాఫీ తాగాడా?"

మీ వీధిలో తలుపు తియ్యని పెద్దాయన ఎవరైనా ఉన్నారా? ముందు వరుసలో తలలూపుతున్నారు. వెళ్లండమ్మా, విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్లీ వెళ్లండి.

నాటకం చివర క్నెమోన్ ఆస్తినీ కూతురి పెళ్లి బాధ్యతనూ గోర్గియాస్‌కు అప్పగించి, నన్ను నా మానాన బతకనివ్వండి అంటాడు. ఊరుకోరు. వంటవాడూ పనివాడూ కలిసి ఏడిపించి, విందులోకి మోసుకుపోయి చిందులేయిస్తారు. ఆ ఘట్టంలో నాకు నవ్వు రాదు. మనిషిని దగ్గరికి తీసుకునే పద్ధతి అది కాదు.

నాన్న ఇప్పటికీ ఊరు కదల్లేదు. గట్టు దగ్గర మాటలు ఇప్పటికీ అంతంతే. పెరటి తలుపుకు మాత్రం రాత్రిళ్లు గడియ పెట్టడం మానేశారు.

సెలవు. నమస్కారం.