ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో: ఎంత దూరం, ఎన్ని గంటలు?

ఆ, నమస్తే అండీ, పర్లాకిమిడి నుంచి మళ్ళీ వచ్చేశా. మొన్న పాతపట్నం నుంచి ఒకాయన అడిగారు, మా అబ్బాయి ఢిల్లీలో ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతాడు, దూరమెంత, ఎన్ని గంటలు అని. చూసేద్దాం.

బ్రౌజర్లో గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అని కొట్టండి, ఇదిగో, ఇదే. ఈ డబ్బాలో డి ఇ ఎల్, అడ్డగీత, ఎస్ ఎఫ్ ఓ. ఎంటర్. అంతే. ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్, మన విశాఖకైతే వి టి జెడ్, భువనేశ్వర్‌కి బి బి ఐ. మైళ్ళలో చూపిస్తే 1.6తో గుణించుకోండి. సుమారు 12,380 కిలోమీటర్లు. గీత వంకరగా ఉందేంటి అంటారా, గ్లోబు మీద దారం బిగించి పట్టుకోండి, సైబీరియా, ఆర్కిటిక్, అలాస్కా మీదుగా ఇలాగే వస్తుంది.

గంటకి 900 చొప్పున భాగిస్తే పదమూడు ముప్పావు గంటలు. కానీ విమానం ఈ గీత మీదే పోవాలని లేదు. 2016 అక్టోబర్‌లో ఎయిరిండియా ఇదే సర్వీసుని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు తిప్పింది, దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగింది, టైమేమో పద్నాలుగున్నర గంటలకి తగ్గింది! పసిఫిక్ వైపంటే తూర్పుకే పోవడం, పైన గాలి పడమర నుంచి తూర్పుకి కదా, వెనకనుంచి తోసేస్తుంది. అందుకే గంటల కోసం టికెట్టే చూడాలి.

ఇక్కడ, ఇక్కడ ఆగండి. నేను బోల్తా పడింది ఇక్కడే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. శీతాకాలంలో అక్కడ మనకంటే 13:30 గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా 12:30. ఊరికే ఉదాహరణకి, జనవరిలో ఢిల్లీలో తెల్లారి 3కి ఎక్కి అక్కడ అదే రోజు పొద్దున 6కి దిగాడనుకోండి, మూడు గంటలా? కాదు, పదహారున్నర. మూడుకి 13:30 కలపాలి.

మా బావ జూన్‌లో వచ్చినప్పుడు అక్కడ శుక్రవారం పొద్దున 10కి బయల్దేరాడు, పదహారు గంటల ప్రయాణం, నేను పదికి పదహారు కలిపేసి శనివారం తెల్లారగట్ల 2కే దిగుతాడని చెప్పేశా. దిగింది మధ్యాహ్నం 2:30కి. మా చిన్నాన్న ఢిల్లీ ఎయిర్‌పోర్టు బయట పన్నెండున్నర గంటలు, పైగా ఫోన్ ఛార్జింగ్ లేదు, ఇప్పటికీ నన్ను చూస్తే వాచీ చూపిస్తాడు. కాబట్టి ముందు రెండు టైములూ మన టైములోకి తెచ్చుకోండి, ఆ తర్వాతే తీసివేత. ఫోన్ గడియారంలో వరల్డ్ క్లాక్ ఉంటుంది కదా, శాన్‌ఫ్రాన్సిస్కో పెట్టేసుకోండి, వేసవి తేడా అదే సర్దేస్తుంది, నేను కాగితం మీద లెక్క మానేశా.

ఆ, ఈ గంటల్లో మన ఊరి నుంచి విశాఖకి కారు, అక్కడి నుంచి ఢిల్లీకి ఇంకో విమానం లేవు, అవి మీరే కలుపుకోండి.