చిన్నప్పుడు ఏడిపించిన సినిమా పెద్దయ్యాక కూడా ఎందుకు వెంటాడుతుంది?

[తెరపై: మంచు కప్పిన అడవి. సంగీతం లేదు.]

వ్యాఖ్యాత: 1942లో విడుదలైన డిస్నీ చిత్రం ‘బాంబి’లో జింకపిల్ల తల్లి వేటగాడి తూటాకు బలవుతుంది. అయితే ఆ మరణం తెరపై ఎక్కడా కనిపించదు. తల్లీపిల్లా పరుగెత్తుతుండగా తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తరువాత తల్లిని పిలుస్తూ మంచులో తిరిగే పిల్ల ఒక్కటే కనిపిస్తుంది. చూపించకుండా వదిలేసిన ఆ క్షణాన్ని చూసేవారే ఊహించుకోవాలి, ఐదేళ్ల పిల్లలైతే సహజంగానే అక్కడ తమ తల్లిని ఊహించుకుంటారు.

[తెరపై: మెదడు రేఖాచిత్రం. అమిగ్డలా, హిప్పోక్యాంపస్ వెలుగుతాయి.]

భావోద్వేగం తీవ్రమైనప్పుడు విడుదలయ్యే ఒత్తిడి హార్మోన్ల ప్రభావంతో, మెదడులో భావోద్వేగాలకు స్పందించే భాగమైన అమిగ్డలా, జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్‌ను మరింత చురుగ్గా పనిచేయిస్తుంది. అలా నిలిచిన జ్ఞాపకంలో ముఖ్య ఘట్టం స్పష్టంగా ఉంటుంది, చుట్టుపక్కల వివరాలు చెరిగిపోతాయి. తల్లి మరణం వెనువెంటనే అదే చిత్రంలో పక్షులు పాడే వసంతం వస్తుందని గుర్తున్నవారు అరుదు.

[తెరపై: టీవీ ముందు కూర్చున్న పిల్లలు, వెనుక నుంచి.]

చనిపోయినవారు తిరిగి రారన్న సంగతి పిల్లలకు సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య అర్థమవుతుంది. అంతకన్నా చిన్నవారు సినిమా ముగిశాక కూడా “వాళ్లమ్మ ఎప్పుడొస్తుంది?” అని అడుగుతారు. “అది ఉత్త సినిమా, ఏడవకు” అనడం అబద్ధం కాదు గానీ, అడిగిన ప్రశ్నకు అది జవాబూ కాదు. జవాబు దొరకని ప్రశ్న కాబట్టే ఆ దృశ్యం అంతకాలం మిగిలిపోతుందని నా అభిప్రాయం.

1999లో క్రిస్టెన్ హారిసన్, జోయాన్ కాంటర్ ప్రచురించిన అధ్యయనంలో, చిన్నతనంలో తెరపై చూసి భయపడిన అనుభవం ఉందని అత్యధికులైన విశ్వవిద్యాలయ విద్యార్థులు చెప్పగా, దాదాపు నాలుగో వంతు మందిలో ఆ కలవరం ఇంకా పోలేదని తేలింది. అది భయానికి సంబంధించిన పరిశోధనే. అయినా తల్లిని కోల్పోయే దృశ్యంలో పసివారికి భయమెక్కడ ముగిసి దుఃఖమెక్కడ మొదలవుతుందో విడదీయడం కష్టం.

[తెరపై: అదే దృశ్యాన్ని చూస్తున్న ఒక మధ్యవయస్కురాలు.]

పైగా జ్ఞాపకం పెట్టెలో దాచిన ఫొటో కాదు. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ అది కొంత మారవచ్చు, ఆ తరువాతి జీవితంలో చూసిన ఆసుపత్రులూ అంత్యక్రియలూ అందులో కలుస్తాయి. అందుకే తల్లి అయ్యాక అదే చిత్రాన్ని చూసే స్త్రీ, చిన్నప్పుడు ‘అమ్మ లేకపోతే నేనేమవుతాను’ అని ఏడ్చిన చోటే, ఇప్పుడు ‘నేను లేకపోతే వీళ్లేమవుతారు’ అని ఏడుస్తుంది.