సాక్షుల సంతకం

శ్రోతలందరికీ నమస్కారం.

దేవాలయంలో జరిగిన కతోలిక వివాహానికి వెళ్లివచ్చినవారికి పూలు, పాటలు, ఉంగరాలు తొడిగిన క్షణం గుర్తుండిపోతాయి. నాకు మాత్రం అవన్నీ అయ్యాక, గురువులు పూజావస్త్రాలు ధరించే పక్కగదిలో జరిగే అయిదు నిమిషాల పని ఎక్కువగా గుర్తుంటుంది. బల్లమీద ఒక పెద్ద పుస్తకం తెరిచి ఉంటుంది. పెండ్లికూతురి ముసుగు తడి సిరామీద పడకుండా ఎవరో వెనక నుంచి పట్టుకుంటారు. పెండ్లికొడుకు కలం అందుకుని, ఏ గడిలో సంతకం చేయాలో తెలియక ఒక్క క్షణం ఆగుతాడు. వారి తరువాత ఇద్దరు సాక్షులు సంతకాలు పెడతారు. ఫొటోలకు రమ్మని అప్పటికే బయట నుంచి పిలుపులు మొదలై ఉంటాయి కనుక, ఆ ఇద్దరూ తాము దేనికింద సంతకం చేశారో చదవడం నేను చూసింది తక్కువ. మా విచారణలో చాలా ఏళ్లపాటు ఆ పుస్తకాలు రాసే పనిలో సాయపడినవాణ్ణి కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

విచారణ అన్న మాట వినగానే కొందరు శ్రోతలకు న్యాయస్థానం గుర్తుకు రావచ్చు. కతోలికుల వాడుకలో విచారణ అంటే ఒక గురువు సంరక్షణలో, ఒక దేవాలయాన్ని ఆధారం చేసుకుని జీవించే విశ్వాసుల సంఘం. ఒకరి మంచిచెడ్డలు మరొకరు విచారించుకోవడమన్న అర్థం ఆ మాటలోనే ఉంది. పెండ్లి అయిన తరువాత దంపతుల విషయంలో ఆ మాటకు మేము ఎంత న్యాయం చేస్తున్నామన్నది ఈ ప్రసంగంలో నేను మాట్లాడదలచుకున్న సంగతి.

ముందుగా, పెండ్లి చేసేది ఎవరు? గురువుగారు పెండ్లి చేశారని అందరమూ అంటాం. కతోలికులలోనే తూర్పు సంప్రదాయాన్ని పాటించే సభలలో గురువు ఆశీర్వాదం లేనిదే వివాహం చెల్లదు కాబట్టి, అక్కడ ఆ మాటకు కొంత బలం ఉంది. కతోలికులలో ఎక్కువమంది పాటించే లాటిన్ సంప్రదాయంలో మాత్రం జ్ఞానవివాహమనే దివ్యసంస్కారాన్ని, అంటే దేవుని కృపను అందించే పవిత్ర కర్మను, వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. గురువు వారిని అడగవలసిన ప్రశ్నలు అడిగి, వారి సమ్మతిని శ్రీసభ, అంటే యావత్తు కతోలిక సంఘం, పేరిట స్వీకరించే సాక్షి. సమ్మతే వివాహాన్ని కలిగిస్తుందనీ, ఆ ఇద్దరికి బదులుగా ఆ సమ్మతిని మరే మానవశక్తీ ఇవ్వలేదనీ 1983 నాటి శ్రీసభ చట్టంలోని 1057వ నియమం చెబుతుంది. అదే చట్టంలోని 1116వ నియమం ఇంకా ఆశ్చర్యకరమైనది. అధికారం ఉన్న గురువు నెల రోజులదాకా అందుబాటులోకి వచ్చే అవకాశం లేకపోతే, వధూవరులు ఇద్దరు సాక్షుల ఎదుట మాట ఇచ్చిపుచ్చుకున్నా ఆ పెండ్లి చెల్లుతుంది. గురువు లేకపోయినా సరేననే ఆ నియమం, సాక్షులు లేకపోతే మాత్రం ఒప్పుకోదు.

సాక్షులకు ఇంత బరువు ఎందుకు వచ్చిందో తెలియాలంటే నాలుగున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి. ఆ రోజుల్లో ఇద్దరు వ్యక్తులు చాటున ఒకరికొకరు మాట ఇచ్చుకున్నా అది నిజమైన వివాహమే. శ్రీసభ చాటుమాటు పెండ్లిళ్లను నిషేధించింది గాని, అవి చెల్లవని అనలేదు. దాంతో జరిగిన అన్యాయం ఊహించడం కష్టం కాదు. ఒక పురుషుడు ఒక స్త్రీకి రహస్యంగా మాట ఇచ్చి, ఆమెతో కాపురం చేసి, కొంతకాలానికి ఆమెను వదిలేసి, మరొకరిని అందరి ఎదుట బహిరంగంగా పెండ్లాడేవాడు. మొదటి స్త్రీ వెళ్లి అడిగితే, నేను మాట ఇవ్వలేదని అతడు అనేస్తే సరిపోయేది. దేవుని ఎదుట ఆమే భార్య అని తెలిసినా, శ్రీసభ చేతిలో ఏ ఆధారమూ ఉండేది కాదు. పెండ్లికి ముందు బహిరంగంగా ప్రకటించాలని 1215లోనే శ్రీసభ పీఠాధిపతులు కూడిన నాల్గవ లాటరన్ మహాసభ ఆదేశించినా, చెల్లుబాటు విషయం తేలలేదు. చివరికి ట్రెంట్ మహాసభ 1563 నవంబరు 11న ఒక శాసనం చేసింది. వరుసగా మూడు పండుగ దినాలలో దేవాలయంలో ప్రకటన చదవాలి, విచారణ గురువు గాని ఆయన అనుమతి పొందిన మరొక గురువు గాని ఉండాలి, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలి, వారందరి పేర్లూ తేదీ, స్థలంతో సహా గురువు ఒక పుస్తకంలో రాసి భద్రపరచాలి. వీటిలో గురువు, సాక్షులు లేని పెండ్లి ఇకమీదట చెల్లదు.

ఈ కాగితాల పనిని చాదస్తమని విసుక్కునేవారిని నేను తరచు చూస్తుంటాను. నిజానికి ఆ పుస్తకం పుట్టింది, ఆధారం లేక మోసపోయిన మనిషి పక్షాన నిలబడడానికి. సంఘం దంపతుల ఇంట్లోకి తొంగి చూడడానికి కాదు, బలహీనుల మాట గాలికి పోకుండా కాయడానికి పెండ్లిలోకి అడుగుపెట్టింది. ఈ తేడాను విచారణ పెద్దలు మరచిపోయినప్పుడల్లా ఏదో ఒక కుటుంబం గాయపడుతుంది.

ఆ పుస్తకానికి జత పుస్తకం ఒకటి ఉంది. అది జ్ఞానస్నాన పుస్తకం, అంటే నీటితో చేసే సంస్కారం ద్వారా శ్రీసభలో చేరినవారి పేర్లు రాసే పుస్తకం. దంపతులలో కతోలికులైనవారు పసిప్రాయంలో ఎక్కడ జ్ఞానస్నానం పొందారో, అక్కడి విచారణకు పెండ్లి సమాచారం పంపాలి. అక్కడి గురువు వారి జ్ఞానస్నానపు వరుస పక్కన, ఫలానా తేదీన ఫలానావారితో వివాహం జరిగిందని రాస్తారు. 1907లో వెలువడిన శాసనం నుంచి ఇది ప్రపంచమంతటా ఆచరణలో ఉంది. పాతికేళ్ల కిందట రాసిన పేరు పక్కన, వేరే చేతిరాతతో, వేరే సిరాతో ఈ రెండో వాక్యం చేరినప్పుడు చూడడం నాకు ఎప్పుడూ ఇష్టమే. పెండ్లి అనుకున్నవారిని ఇటీవల తీసిన జ్ఞానస్నాన పత్రమే తెమ్మని ఎందుకు అడుగుతారో కూడా ఇప్పుడు శ్రోతలకు అర్థమై ఉంటుంది.

ఇక పెండ్లికి ముందు శిక్షణ తరగతులు ఉంటాయి, గురువు ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. వేడుకలో సమ్మతికి ముందు అడిగే మూడు ప్రశ్నలను అక్కడే వివరిస్తారు. ఎవరి బలవంతమూ లేకుండా వచ్చారా, జీవితాంతం ఒకరినొకరు ప్రేమించి గౌరవించుకుంటారా, దేవుడిచ్చే బిడ్డలను ప్రేమతో స్వీకరించి పెంచుతారా అన్నవి ఆ ప్రశ్నలు. వధూవరులు వయసు మళ్లినవారైతే మూడోది వదిలివేయవచ్చు. సంతానం కలగకపోవడమన్న ఒక్క కారణంతో ఏ వివాహమూ చెల్లకుండా పోదని శ్రీసభ చట్టం విడిగా చెబుతుంది. బిడ్డలు లేని దంపతులను ప్రతి ఆదివారం పూజ తరువాత గుమ్మం దగ్గర పట్టుకుని శుభవార్త ఎప్పుడని అడిగేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే ఎంత బాగుండును.

నా ఫిర్యాదు తరగతుల గురించి కాదు, ఆ తరువాతి నిశ్శబ్దం గురించి. పెండ్లికి ముందు మూడు నెలలు ఒక జంటను పిలిచి, కూర్చోబెట్టి, పత్రాలు అడిగి, సలహాలు ఇచ్చిన విచారణ, పెండ్లి మరునాటి నుంచి వారి వైపు చూడదు. మళ్లీ వారిని పలకరించేది బిడ్డ జ్ఞానస్నానానికి పేరు రాయించుకునేటప్పుడు. ఈ మధ్యకాలంలోనే, జీతం డబ్బు ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి తల్లిదండ్రుల దగ్గర ఎన్నాళ్లు ఉండాలి అన్న ప్రశ్నలు ఆ ఇంట్లో గట్టిగా వినిపిస్తూ ఉంటాయి. వివాహ జీవితపు తొలి సంవత్సరాలలో దంపతులకు తోడు నిలవవలసిన బాధ్యత సంఘానిదని 2016లో పోప్ ఫ్రాన్సిస్ కుటుంబ జీవితం గురించి వెలువరించిన లేఖలో ప్రత్యేకంగా రాశారు. ఆ లేఖ వచ్చిన తరువాత కూడా మేము పెద్దగా మారామని చెప్పలేను.

కానా ఊరి పెండ్లి కథ క్రైస్తవులు కాని శ్రోతలలో కూడా చాలామంది విని ఉంటారు. యేసు నీటిని ద్రాక్షారసంగా మార్చిన అద్భుతం దగ్గరే సాధారణంగా అందరూ ఆగిపోతారు. నాకు అంతకుముందు జరిగింది ముఖ్యమనిపిస్తుంది. ద్రాక్షారసం తరిగిపోతున్నదని విందు పెద్దకు తెలియదు, పెండ్లికొడుకు ఏమీ అనలేదు. అతిథిగా వచ్చిన మరియమాత కనిపెట్టింది. ఆమె ఆ సంగతి పక్కవారితో చెప్పలేదు. సాయం చేయగలవాడి దగ్గరకు వెళ్లి, వారికి ద్రాక్షారసం లేదని ఒక్క మాట చెప్పింది. తరువాత పనివారి వైపు తిరిగి, ఆయన చెప్పినట్లు చేయండని అన్నది. విందు పెద్దకు చివరిదాకా ఏమి జరిగిందో తెలియనే లేదు. ఒక ఇంట్లో ప్రేమ తరిగిపోతున్నదని కనిపెట్టిన విచారణ వాసి చేయవలసినదంతా ఆ నడవడిలో ఉంది. మనలో చాలామందికి కనిపెట్టే కన్ను ఉంది గాని, పక్కవారితో చెప్పకుండా ఉండే నోరు లేదు.

దంపతులు ఒకరికొకరు సంస్కారాన్ని ఇచ్చుకుంటారని ఇందాక అన్నాను. ఆ పని పెండ్లినాటితో ముగియదు. ఫ్రాన్సులోని ఆలెన్సోన్ పట్టణంలో 1858 జూలై 13న పెండ్లాడిన లూయీ మార్టిన్, జేలీ గెరాన్ దంపతుల జీవితం ఇందుకు ఉదాహరణ. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఆమె పేరుపొందిన ఆలెన్సోన్ లేసు అల్లికను వ్యాపారంగా నడిపేది. ఆమె వ్యాపారం పెరిగినప్పుడు, ఆయన 1870లో తన గడియారాల దుకాణాన్ని మేనల్లుడికి అప్పగించి, భార్య పనిలో చేయి కలిపాడు. ఆ కాలపు పురుషుడు అలా చేయడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం. తొమ్మిది మంది బిడ్డలు పుడితే, 1867 నుంచి 1870 వరకు నాలుగేళ్లలో నలుగురిని పాతిపెట్టారు. మిగిలిన అయిదుగురు ఆడపిల్లలలో చివరిదానికి నాలుగేళ్లున్నప్పుడు, 1877లో, జేలీ రొమ్ము క్యాన్సర్‌తో మరణించింది. భర్త పిల్లలను తీసుకుని, భార్య తమ్ముడి కుటుంబానికి దగ్గరగా ఉండడానికి లిసియూ పట్టణానికి మారాడు. చివరి సంవత్సరాలలో ఆయన మతిస్తిమితం కోల్పోయి, మూడేళ్లు ఆసుపత్రిలో గడిపాడు. ఈ దంపతులను 2015 అక్టోబరు 18న శ్రీసభ పునీతులుగా ప్రకటించింది. భార్యాభర్తలను జంటగా పునీతుల పట్టికలో చేర్చడం అదే మొదటిసారి. నాలుగేళ్ల ఆ చిన్న కూతురే చిన్న పుష్పంగా ప్రపంచమంతా ఎరిగిన పునీత తెరేసమ్మ.

కుటుంబాన్ని గృహ శ్రీసభ అనవచ్చునని రెండవ వాటికన్ మహాసభ 1964లో చెప్పింది. పెద్ద మాటే గాని, ఇంట్లో దాని రూపం చాలా చిన్నది. రాత్రి జపమాల చెబుతుండగా పదేసి జపాల వరుసలలో రెండోదాని దగ్గరే చిన్నవాడు తల్లి ఒడిలో నిద్రపోతాడు. తండ్రి ఆవులింత ఆపుకుంటూ వచ్చిన జపమే మళ్లీ చెబుతాడు, పెద్దపిల్ల అది పట్టుకుని నవ్వుతుంది. దాన్ని ప్రార్థన కాదనడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో మూడు మాటలు తరచు వినిపించాలని, అవి అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడమని పోప్ ఫ్రాన్సిస్ పదేపదే అనేవారు. కట్టుకున్నదానికి కృతజ్ఞతలు చెప్పడం నాటకంలా ఉంటుందండీ అని ఒక తరగతిలో ఒక యువకుడు అన్నాడు. అతడి మాటలో నిజం ఉంది. మీరు ఆ పదం వాడనక్కరలేదు బాబూ, ఆమె చేసిన పనిని గమనించినట్లు చెప్పండి చాలు, నాన్నగారి మందులు ఇవాళ నువ్వే గుర్తుపెట్టుకున్నావు అనండి, అన్నాను. అతడు తలవంచుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిలవని వివాహాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. జ్ఞానస్నానం పొందిన ఇద్దరి మధ్య జరిగి, దాంపత్యంతో సంపూర్ణమైన వివాహాన్ని మరణం తప్ప మరే మానవశక్తీ రద్దు చేయలేదని శ్రీసభ నమ్ముతుంది. శ్రీసభ న్యాయస్థానం పరిశీలించేది విడాకులను కాదు. ఆనాటి సమ్మతి మొదటే నిజమైనదా, బలవంతమో మోసమో దానిని చెడగొట్టిందా అన్నదే అక్కడి ప్రశ్న. వివాహం చెల్లదన్న తీర్పు వస్తే, దానిని రెండో న్యాయస్థానం కూడా ధ్రువీకరించాలన్న పాత నిబంధనను 2015లో తొలగించారు. అయితే చట్టం సులువైనంత మాత్రాన సంఘం చూపు సులువు కాదు. విడిపోయి ఒంటరిగా ఉంటున్న స్త్రీ దివ్యబలి పూజకు వచ్చి చివరి వరుసలోనే ఎందుకు కూర్చుంటుందో, ఆమె పక్క స్థలం ఎందుకు ఖాళీగా ఉంటుందో ఆ విచారణలోని మిగతావారు తమను తాము అడగవలసిన ప్రశ్న.

కొన్నేళ్లుగా మా తరగతులలో ఒక రోజు సాక్షులను కూడా రమ్మని పిలుస్తున్నాం. మొదటిసారి వచ్చిన ఒక స్నేహితుడు, నేను సంతకం పెట్టడానికే కదండీ, తరగతి దేనికి, అని నవ్వుతూ అడిగాడు. అతడికి నేను పాత పుస్తకంలోని ఒక పుట తీసి చూపించాను. ఆ పుటలో ఉన్న దంపతులు వివాహమై యాభై ఏళ్లయిన సందర్భంగా అంతకుముందు ఆదివారమే పూజలో తమ వాగ్దానాన్ని తిరిగి చెప్పుకున్నారు. ఇద్దరు సాక్షులలో ఒకరు చనిపోయి చాలాకాలమైంది. రెండో ఆయన ఆ రోజు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. గురువుగారు దంపతులను పీఠం ముందుకు పిలిచినప్పుడు, ఎవరూ పిలవకుండానే ఆయన కూడా లేచి, చేతికర్ర ఊతంగా నడిచివచ్చి, యాభై ఏళ్ల కిందట నిలబడిన వైపే నిలబడ్డారు.