మూత కింద నల్లి: ఆమ్లం ఎప్పుడు, ఎలా

అందరికీ నమస్కారం.

తేనెటీగలు పెంచేవాళ్లు పదిమంది కూడిన ప్రతిచోటా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "వరోవా నల్లికి ఆక్సాలిక్ ఆమ్లం మంచిదా, ఫార్మిక్ ఆమ్లం మంచిదా?" నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను. ఈరోజు మీ పెట్టెలో నల్లి ఎక్కడుంది? ఈగల ఒంటి మీదా, పిల్లలు పెరిగే, మైనపు మూత వేసిన అరల్లోనా? అది తెలిస్తే ఏ ఆమ్లం వాడాలో మీకే తెలిసిపోతుంది.

ఈ నల్లి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. ఎర్రటి గోధుమరంగు బిళ్లలా ఉండి, ఈగ పొట్ట పలకల సందున దూరి కూర్చుంటుంది. మొదట్లో ఇది ఆసియా తేనెటీగ మీద మాత్రమే బతికేది. అక్కడ ముఖ్యంగా పోతుటీగల, అంటే మగ ఈగల, అరల్లోనే పిల్లలు పెడుతుంది కాబట్టి ఆ పట్టు తట్టుకుంటుంది. మనుషులు యూరప్ తేనెటీగను తూర్పు దేశాలకు తెచ్చి పక్కపక్కనే పెంచారు, నల్లి ఈ కొత్త ఈగకు పాకింది. ఇక్కడ కూలి ఈగల అరల్లోనూ పెరుగుతుంది, దానికి అడ్డే లేదు. చాలాకాలం దీన్ని వరోవా జాకబ్‌సోని అనే పొరబడ్డారు. ఇది వేరే జాతి అని 2000లో తేల్చి వరోవా డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. ఇది ఈగ రక్తం పీలుస్తుందని అనుకునేవాళ్లం. పెద్ద ఈగల్లో ప్రధానంగా కొవ్వు కణజాలాన్ని తింటుందని 2019లో శామ్యూల్ రామ్సే బృందం చూపించింది. మనకు కాలేయం చేసే పనుల్లో చాలావాటిని ఈగకు ఆ కణజాలమే చేస్తుంది. దానికి తోడు, ఈగ రెక్కలు ముడుచుకుపోయేలా చేసే వైరస్‌ను కూడా ఈ నల్లే ఎక్కిస్తుంది.

ఇప్పుడు మూత సంగతి. అర మూత పడడానికి కొద్ది గంటల ముందు తల్లి నల్లి లోపలికి దూరుతుంది. మూత పడిన మూడో రోజుకల్లా మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. ఆ తర్వాత దాదాపు 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. కూలి ఈగ అర మూత కింద 12 రోజులుంటుంది, పోతుటీగ అర రెండు మూడు రోజులు ఎక్కువ. అందుకే పోతుటీగల అరలంటే నల్లికి అంత ఇష్టం. పట్టులో పిల్లలు నిండుగా ఉన్న కాలంలో మూడింట రెండు వంతుల నల్లులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఈ మూతల కిందే ఉంటాయి.

దీన్ని లెక్కలోకి తీసుకోకుండా నేను ఒక పట్టును పోగొట్టుకున్నాను. ఫ్రేముల నిండా మూత వేసిన పిల్లలుండగా ఆక్సాలిక్ పోశాను. మర్నాడు అడుగు పలక మీద నల్లులు రాలి ఉంటే పని అయిపోయిందనుకున్నాను. మూడు వారాల తర్వాత లెక్కపెడితే మళ్లీ మొదటికే వచ్చింది. మూతల కింద దాగినవన్నీ కొత్త ఈగలతోపాటు బయటికొచ్చాయి. ఆక్సాలిక్ ఆమ్లం మైనపు మూత దాటి లోపలికి పోదు.

అదే ఆమ్లం పిల్లలు లేని రోజున వేస్తే నూటికి తొంభైకి పైగా నల్లులు రాలతాయి. అలాంటి రోజు చలికాలంలో దానంతటదే వస్తుంది. రాకపోతే మనమే తెచ్చుకోవచ్చు. రాణిని 24 రోజులు చిన్న పంజరంలో ఉంచితే అంతకుముందు పెట్టిన గుడ్లన్నీ, పోతుటీగలతో సహా, ఈగలై బయటికొస్తాయి. రాణిని వదిలిన వారంలోపు, కొత్త అరలకు మూతలు పడకముందే, ఆమ్లం వేయాలి. కొత్తగా పట్టుకున్న గుంపులో ఇంకా మూత పడిన పిల్లలుండవు కాబట్టి మొదటి వారం ఇలాంటి అవకాశమే. దాన్ని వదులుకోవద్దని నా మనవి.

పోసే పద్ధతిలో ఎక్కువమంది వాడే కొలత చెబుతాను. చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపిన ఒక లీటరు పాకంలో 35 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు. ఈగలున్న ప్రతి ఫ్రేము సందులో 5 మిల్లీలీటర్లు, పట్టు మొత్తానికి 50 దాటకూడదు. మళ్లీ మళ్లీ పోయకూడదు. ఆ పాకం ఈగల కడుపులోకీ పోతుంది, వాటి ఆయుష్షు తగ్గుతుంది.

ఫార్మిక్ ఆమ్లం తీరు వేరు. దాని ఆవిరి మూత దాటి లోపలి నల్లినీ చంపుతుంది. పిల్లలు నిండుగా ఉన్నప్పుడు నేను దానివైపే మొగ్గుతాను. అయితే అది ఎండ మాట వింటుంది. పగటి వేడి సుమారు 10 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. చలిగా ఉంటే ఆవిరి చాలదు. మరీ వేడిగా ఉంటే ఒక్కసారిగా ఆవిరై లేత పిల్లలు చస్తాయి, రాణి కూడా పోవచ్చు. పెట్టేముందు రాబోయే మూడు నాలుగు రోజుల వాతావరణం చూసుకోండి, పెట్టె ద్వారం బార్లా తెరిచి ఉంచండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "సేంద్రియ ఆమ్లం" అన్న పేరు విని సేంద్రియ ఎరువులా చేత్తో కలపకండి. రసాయన శాస్త్రంలో ఆ మాటకు కర్బనం ఉన్న ఆమ్లం అనే అర్థం. ఈ రెండూ తేనెలో సహజంగానే కొద్దికొద్దిగా ఉంటాయి, నీళ్లలో కరుగుతాయి కాబట్టి కొన్ని కృత్రిమ మందుల్లా మైనంలో పేరుకుపోవు. అది వాటి గొప్ప గుణం. కానీ గాఢ ఫార్మిక్ చర్మాన్ని కాలుస్తుంది, ఆక్సాలిక్‌ను వేడిచేస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఆమ్లపు ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండి తీరాలి. గుడ్డ మాస్కు చాలదు. ఎప్పుడూ నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. మీ దేశంలో అనుమతి ఉన్న మందునే, దాని చీటీ మీద రాసినట్టే వాడండి.

ఇక లెక్కపెట్టడం. పిల్లలున్న ఫ్రేము నుంచి అర కప్పు ఈగలు, అంటే దాదాపు 300, తీసి ఆల్కహాల్‌లో కడిగి రాలిన నల్లులు ఎంచాలి. రాణి ఆ ఫ్రేము మీద లేదని ముందు రెండుసార్లు చూసుకోండి. తొమ్మిది దాటితే, నూటికి మూడన్నమాట, ఆలస్యం చేయొద్దు. ఆ మూడు వందల ఈగలు చనిపోతాయి, నాకూ మనసొప్పదు. చంపడం ఇష్టంలేనివాళ్లు మెత్తటి చక్కెర పొడిలో దొర్లించి లెక్కించవచ్చు, కాకపోతే కొన్ని నల్లులు తప్పిపోతాయి. మందు వేశాక కూడా ఇదే లెక్క మళ్లీ చేయాలి. మూతల కిందివన్నీ బయటపడేదాకా ఆగి, అంటే రెండు మూడు వారాలకు చేయండి. మందు వేసిన తేదీ, వేసేముందు లెక్క, వేశాక లెక్క, ఈ మూడూ పెట్టె మూత లోపలివైపు పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.