ఏప్రిల్ మొదట్నుంచి మే నడిమి దాకా పూసే ట్యూలిప్ మడి: ఏ రకాలు కొనాలి, ఏవి వద్దు | రివ్యూ

నమస్కారం అండీ. ఈ రివ్యూ ముఖ్యంగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల ఇంటి ముందు కాస్త నేల ఉన్నవాళ్ల కోసం. నేను చెప్పే తేదీలు న్యూజెర్సీ లెక్కలో ఉంటాయి. ఇంకా చల్లటి ఊళ్లలో ఉంటే పూసే తేదీల్ని వారం, పది రోజులు ఆలస్యంగా లెక్కేసుకోండి.

ట్యూలిప్‌లు నాటినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "పువ్వులు బాగానే వచ్చాయి, కానీ పది రోజుల్లో అయిపోయాయేంటి?" ఒకే రకం వంద దుంపలు పెడితే అంతేనండీ. చల్లగా ఉంటే ఒక పువ్వు రెండు వారాల దాకా నిలుస్తుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటిందా, నాలుగైదు రోజుల్లో రేకులు విచ్చుకుపోయి రాలిపోతాయి. వాతావరణం మన చేతిలో లేదు. రకాల వరస మన చేతిలో ఉంది. ఒకటి రాలే సమయానికి ఇంకొకటి మొగ్గ విప్పాలి. నెదర్లాండ్స్‌లోని క్యూకెన్‌హాఫ్ తోటలోనూ, శ్రీనగర్ ట్యూలిప్ గార్డెన్‌లోనూ వారాల తరబడి పూలు కనిపించేది ఇలాగే. ముందు పూసేవి, నడిమివి, ఆలస్యంగా పూసేవి కలిపి నాటుతారు.

ముందుగా పెద్ద స్టోర్లలో దొరికే మిక్స్ సంచుల సంగతి. చాలా సంచుల మీద రకం పేరు ఉండదు, ఎప్పుడు పూస్తుందో ఉండదు. లోపల ఎక్కువగా ఒకే సమయంలో పూసేవే ఉంటాయి. చవకే, కానీ మన పనికి రావు. రకం పేరు, దుంప చుట్టుకొలత రాసి ఉన్నవే తీసుకోండి. చుట్టుకొలత 12 సెంటీమీటర్లు, ఆపైన ఉండాలి. దుంప చిన్నదైతే ఆకు మాత్రమే వస్తుంది, పువ్వు రాదు.

ఇక రకాలు. అందరికంటే ముందు పూసేవి కౌఫ్‌మానియానా జాతివి. వీటిలో స్ట్రేసా మంచిది. పసుపు రేకుల మీద ఎర్రటి చార, ఎత్తు ఎనిమిది అంగుళాల లోపే. పొట్టి కాబట్టి గాలులకు పడిపోదు. మడి ముందు అంచుకే పెట్టండి, వెనక పెడితే కనిపించదు.

దాని వెంటనే ఏప్రిల్ మొదట్లో పురిసిమా. వైట్ ఎంపరర్ అనే పేరుతో కూడా అమ్ముతారు. మీగడ తెలుపు, పెద్ద పువ్వు, ఎత్తు అడుగున్నర. ఫోస్టెరియానా జాతి కాబట్టి ఏటా మళ్లీ వచ్చే గుణం ఉంది. ముందు పూసే వాటిలో ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి.

ఏప్రిల్ నడిమికి డార్విన్ హైబ్రిడ్లు అందుకుంటాయి. పాత డార్విన్ ట్యూలిప్‌లను ఫోస్టెరియానాతో కలిపి నెదర్లాండ్స్‌లో తయారు చేసిన జాతి ఇది. రెండడుగుల ఎత్తు, లావు కాడ, పెద్ద పువ్వు. మళ్లీ మళ్లీ పూయడంలో తోట ట్యూలిప్‌లలో వీటికి మంచి పేరుంది. గులాబీ రంగులో పింక్ ఇంప్రెషన్, ఎరుపులో అపెల్‌డూర్న్, పసుపులో గోల్డెన్ అపెల్‌డూర్న్. మడిలో పెద్ద వాటా వీటికే ఇవ్వండి.

ఇదే సమయంలో ట్రయంఫ్ జాతివి కూడా వస్తాయి. ప్రిన్సెస్ ఐరీన్‌ది నారింజ రంగు, రేకు అడుగు నుంచి పైకి ఊదా జ్వాల లాంటి చార. పొట్టిగా, గట్టిగా నిలబడుతుంది, రంగు అద్భుతం. అయితే ట్రయంఫ్‌లు రెండో ఏడాదికి తగ్గిపోతాయి, కాబట్టి వీటిని ఒక్క సీజన్ పూలుగా లెక్కేసుకుని కొనండి.

అసలు మడి ఖాళీ అయిపోయేది మే మొదటి వారంలో. ఎక్కువమంది డబ్బు ఖర్చు పెట్టనిది కూడా ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మేలో ఎండ పెరుగుతుంది కాబట్టి ఆలస్యంగా పూసే రకానికి రేకు దళసరిగా ఉండాలి. ఈ పరీక్షలో స్ప్రింగ్ గ్రీన్ నెగ్గుతుంది. తెల్లటి రేకు మధ్యలో ఆకుపచ్చ చార, విరిడిఫ్లోరా జాతి. పువ్వు మీద ఎక్కువ రోజులు ఆగే రకాల్లో ఇది ముందుంటుంది. ఏ రంగు పక్కనైనా కుదురుతుంది. రెండోది క్వీన్ ఆఫ్ నైట్. నల్లగా అనిపించే ముదురు వంగపండు రంగు, రెండడుగుల కాడ. ఒంటరిగా నాటితే నేల రంగులో కలిసిపోయి దూరానికి కనబడదు. స్ప్రింగ్ గ్రీన్‌తో కలిపి నాటితే రెండూ మెరుస్తాయి. మూడోది మెంటన్, లేత గులాబీ రంగు, పెద్ద పువ్వు, కాడ పొడవు.

ఏంజెలీక్ అడుగుతారని తెలుసు. రేకుల మీద రేకులతో నిజంగా అందమైన పువ్వు. కానీ వాన పడితే ఆ రేకుల నిండా నీళ్లు నిలిచి తల వాల్చేస్తుంది. గాలివాన తగలని గోడ పక్కన అయితే సరే. రేకుల అంచులు ఈకల్లా చీలి ఉండే పారట్ రకాలకూ అదే మాట.

వంద దుంపలకు నా లెక్క: స్ట్రేసా 10, పురిసిమా 20, పింక్ ఇంప్రెషన్ 25, ప్రిన్సెస్ ఐరీన్ 15, స్ప్రింగ్ గ్రీన్ 15, క్వీన్ ఆఫ్ నైట్ 15. అయిదు అంగుళాల ఎడంతో నాటితే 17, 18 చదరపు అడుగుల చోటు చాలు. రకానికో వరుస వేయకండి, ఒక వరుస ఎండితే అక్కడ గీత గీసినట్టు ఖాళీ కనిపిస్తుంది. స్ట్రేసా తప్ప మిగతావన్నీ కలిపి చల్లి, పడినచోట నాటండి. పురిసిమా వాడే సమయానికి పక్కనే పింక్ ఇంప్రెషన్ లేచి ఆ ఆకుల్ని కప్పేస్తుంది.

నాటడం నవంబరులో. నేల 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడ్డాక, గడ్డకట్టక ముందు. సెప్టెంబరులో తొందరపడితే వెచ్చటి నేలలో దుంపకు తెగులు తగిలే అవకాశం ఎక్కువ. లోతు ఎనిమిది అంగుళాలు, మొన పైకి. స్ట్రేసాకు అయిదారు అంగుళాలు చాలు. బంకమట్టి అయితే ముందే కంపోస్టు కలిపి, మడిని చుట్టూ నేల కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తు చేయండి, నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. పైన కోళ్ల గూటికి వాడే వైరు మెష్ పరిచి మట్టి కప్పితే ఉడతలు తవ్వలేవు. జింకలు మాత్రం మొగ్గల్నే తినేస్తాయి. అవి తిరిగే చోట మొగ్గ కనబడగానే జింకల్ని దూరం పెట్టే స్ప్రే మొదలుపెట్టి, వాన పడ్డ ప్రతిసారీ మళ్లీ కొట్టాలి.

నాటే దాకా దుంపల్ని ఆపిల్ పళ్ల దగ్గర పెట్టకండి. పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి పూమొగ్గ చచ్చిపోతుంది. చూడటానికి ఉల్లిపాయల్లా ఉంటాయి, తినేవి కావు, వంటింట్లో అసలే వద్దు. చర్మానికి దురద పెట్టే గుణం ఉంది, చేతికి గ్లవ్స్ వేసుకోండి.

వసంతంలో ఆకు మెలికలు తిరిగి, కాలినట్టు గోధుమరంగు మచ్చలు వస్తే అది ట్యూలిప్ ఫైర్, బోట్రైటిస్ అనే బూజు. ఆ మొక్కను దుంపతో సహా తీసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. అక్కడ మూడేళ్లు ట్యూలిప్ నాటకండి.

హైదరాబాద్, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్లకు: దుంపకు 12 నుంచి 16 వారాల చలి కావాలి, అది అక్కడి నేలలో దొరకదు. ఫ్రిజ్‌లో చలి ఇచ్చిన దుంపను జనవరిలో కుండీలో పెడితే పూయొచ్చు, కాడ పొట్టిగా రావచ్చు, మరుసటి ఏడాదికి ఆశ పెట్టుకోవద్దు.

పువ్వు వాడగానే తల మాత్రం తుంచండి, గింజ కట్టనివ్వకండి. ఆకుల్ని అవంతట అవి పసుపెక్కే దాకా, సుమారు ఆరు వారాలు, ముట్టుకోకండి. వచ్చే ఏడాది పువ్వుకు తిండి ఆ ఆకుల్లోంచే దుంపలోకి వెళ్తుంది. ట్యూలిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు, అక్కడి వేసవి పొడిగా ఉంటుంది. అందుకే జూన్, జులైలో ఆ మడికి స్ప్రింక్లర్ ఆపేయండి. లాన్‌కు నీళ్లు పెట్టే లైన్ మడి మీదుగా వెళ్తుంటే ఆ ఒక్క హెడ్ మూసేయండి. జూన్‌లో ట్రయంఫ్‌లు తవ్వి తీసేయండి, పురిసిమా, పింక్ ఇంప్రెషన్ ఉన్నచోటే ఉంచండి.