అంతస్తును బట్టి కిటికీ

అందరికీ నమస్కారం.

తెలుగులో అంతస్తు అంటే మేడలో అంతస్తే కాదు, మనిషి హోదా కూడా. ఈ రెండు అర్థాలూ ఒకే గోడ మీద కనిపించే ఇల్లు ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉంది. పేరు హార్డ్‌విక్ హాల్.

ఈ ఫోటోలో కిటికీలు చూడండి. కింద పొట్టివి, మధ్యలో కాస్త పొడవు, పైన అన్నిటికంటే పొడవు. కింద వంటిల్లూ పనివాళ్లూ, మధ్యలో ఇంటివాళ్లు, పైన గొప్ప అతిథుల కోసం కట్టిన గదులు. ఎవరెక్కడ ఉంటారో బయట నిలబడే చెప్పేయొచ్చు.

కట్టించింది ష్రూస్‌బరీ కౌంటెస్, అంటే ష్రూస్‌బరీ ప్రభువు భార్య, ఎలిజబెత్. అందరూ బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అంటారు. నాలుగో భర్త పోయిన 1590లోనే పని మొదలైంది. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. 1597లో గృహప్రవేశం. నమూనా ఆనాటి వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారుల మాట.

ఆ కాలంలో గాజు చాలా ఖరీదు. పెద్ద పలకలు దొరికేవి కావు. చిన్న చిన్న ముక్కల్ని సీసపు పట్టీలతో కలిపి కిటికీ నింపేవారు. ఆవిడకి సొంత గాజు బట్టీ ఉంది, సీసపు గనులున్నాయి, రాయి కూడా సొంత క్వారీదే. 'హార్డ్‌విక్ హాల్‌లో గోడకంటే గాజే ఎక్కువ' అని జనం ఊరికే అనలేదు.

మరి అంత గాజు పెడితే ఇల్లు ఎలా నిలబడింది? నాకు బాగా నచ్చేది ఇక్కడి ఉపాయమే. ఇంటి మధ్యలో, పొడుగునా ఒక మందపాటి గోడ వెన్నెముకలా నడుస్తుంది. పొగగొట్టాల్ని చాలావరకు అందులోకే తీసుకున్నారు. దాంతో బయటి గోడలు కిటికీలకి ఖాళీ అయ్యాయి. అయితే, వరస తప్పకూడదని పెట్టిన కొన్ని కిటికీల వెనక గది ఉండదు, గోడే ఉంటుంది. వెలుగు ఎంత ముఖ్యమో, ఎదురుగా నిలబడి చూసేవాళ్ల కంటికి పొందిక కూడా అంతే ముఖ్యమైంది. ఆరు బురుజుల పైన, ఆకాశానికి ఆనించినట్టు, రాతిలో చెక్కిన అక్షరాలు ఈ.ఎస్. ఎలిజబెత్ ష్రూస్‌బరీ అన్నమాట. వాటిపైన కౌంటెస్ కిరీటం.

లోపల రాతిమెట్లు మలుపులు తిరుగుతూ పైకి తీసుకెళ్తాయి. ఎక్కేకొద్దీ వెలుతురు పెరుగుతుంది. చివరికి పెద్ద సభాగది. గోడ పైభాగమంతా సున్నపుపనిలో అడవి, జింకలు, వేటదేవత డయానా, వాటి మీద రంగులు.

పక్కనే పొడవాటి గ్యాలరీ, దాదాపు 50 మీటర్లు. వాన రోజుల్లో ఇంటివాళ్లు ఇక్కడే నడిచేవారు. గోడలకి బైబిల్లోని వీరుడు గిడియన్ కథ నేసిన 13 పెద్ద తెరలు. ఇల్లు ఇంకా కడుతుండగానే, 1592లో, ఎలిజబెత్ రాణి కొలువులో మంత్రిగా చేసిన క్రిస్టఫర్ హ్యాటన్ కుటుంబం దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నది బెస్. వాటిమీద హ్యాటన్ వంశచిహ్నాలున్నాయి. ఆవిడ వాటిపైన తన చిహ్నాలు వేయించిన గుడ్డముక్కలు కుట్టించింది. హ్యాటన్ వాళ్లది ఆడజింక, తన వంశానిది కొమ్ములున్న మగజింక. అందుకని ఆ ఆడజింకలకి కొమ్ములు గీయించింది.